మానవ వికాసంలో డిగ్రీ పూర్తయ్యాక: ఏ పని, ఏ పై చదువు, ఏ క్రమంలో

నర్సింగ్ చదివినవారిని ‘తర్వాత ఏం చేస్తారు?’ అని ఎవరూ అడగరు. అకౌంటింగ్ చదివినవారినీ అడగరు. మానవ వికాసం చదివినవారిని మాత్రం ఇంట్లోవాళ్ల దగ్గర నుంచి ఇంటర్వ్యూ చేసే అధికారి దాకా అందరూ అడుగుతారు. ఆ డిగ్రీ పేరులో ఉద్యోగం పేరు లేకపోవడమే దీనికి కారణం. గర్భస్థ దశ నుంచి మరణం వరకు మనిషి శరీరం, ఆలోచన, భావోద్వేగాలు, సంబంధాలు ఎలా మారుతూ వస్తాయో కొన్నేళ్లపాటు చదివినవారు పసిపిల్లల కేంద్రంలోనూ పనికొస్తారు, వృద్ధుల సంరక్షణాలయంలోనూ పనికొస్తారు, ప్రభుత్వ విధానాలు రూపొందించే కార్యాలయంలోనూ పనికొస్తారు.

ఇన్ని తలుపులున్నచోట ఏది తట్టాలో తెలియక చాలామంది రెండు పొరపాట్లలో ఒకటి చేస్తారు. మొదట దొరికిన ఉద్యోగంలో చేరిపోయి, అది నచ్చకపోతే ఈ రంగమే తమకు సరిపడదని తేల్చేసుకుంటారు. లేదా, ఏం చేయాలో తేలేవరకు చదువుకుంటూ ఉందామని పీజీలో చేరతారు. నా ఉద్దేశంలో రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది. నచ్చని ఉద్యోగం ఆరు నెలల్లో మానేయవచ్చు. తప్పు పీజీ రెండేళ్ల కాలాన్నీ, ఒక్కోసారి పెద్ద అప్పునూ మింగి, చివరికి మీరు కోరుకున్న పని చేసే హక్కును కూడా ఇవ్వకపోవచ్చు.

అందుకే ఈ మార్గదర్శి అంతటా ఒకే పద్ధతి పాటిస్తాను. గమ్యం నుంచి వెనక్కి లెక్క వేయడం. ముందు రోజువారీ పనిని ఎంచుకోవాలి. ఆ పనికి చట్టం ఏ అర్హత అడుగుతుందో చూడాలి. ఆ అర్హతనిచ్చే చదువును ఆ తర్వాతే వెతకాలి.

మొదటి అడుగు: చదివినదాన్ని పనుల భాషలోకి మార్చుకోండి

ముందుగా ఒక చిన్న చిక్కు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990 నుంచి మానవాభివృద్ధి నివేదికలు వెలువరిస్తోంది. ఆయుర్దాయం, విద్య, ఆదాయం ఆధారంగా దేశాలను పోల్చే సూచిక వాటిలో ఉంటుంది. ఇంగ్లిషులో ఆ సూచికకూ మీ డిగ్రీకీ ‘హ్యూమన్ డెవలప్‌మెంట్’ అనే ఒకే పేరు ఉండటంతో, మీ డిగ్రీ ఆర్థిక శాస్త్రానికి చెందినదని పొరబడే అధికారులు ఉంటారు. మరికొందరు మానవ వనరుల విభాగానికి సంబంధించినదనుకుంటారు. కాబట్టి దరఖాస్తులో డిగ్రీ పేరు రాసి ఊరుకోకండి. దాని కింద ఒక వాక్యం చేర్చండి: జీవితకాలం పొడవునా మనిషి ఎదుగుదలను, కుటుంబాన్ని, సమాజాన్ని అధ్యయనం చేసే డిగ్రీ అని.

ఇప్పుడు చదివిన పాఠ్యాంశాల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కో దానికి ఎదురుగా దానివల్ల మీరు చేయగల పని ఏమిటో రాయండి. ‘శిశు వికాసం’ అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. ‘మూడేళ్ల పిల్లల ఆటను గమనించి, అంచనా కలపకుండా చూసింది చూసినట్టు నమోదు చేయగలను’ అంటే వెంటనే తెలుస్తుంది. ‘పరిశోధన పద్ధతులు’ అనేదాన్ని ‘సర్వే ప్రశ్నావళి తయారుచేసి, వంద మంది సమాధానాలను గణాంక సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించాను’ అని రాయండి. ‘కుటుంబ సంబంధాలు’ అనే పాఠం ‘తల్లిదండ్రులతో కష్టమైన విషయాలను నిందించకుండా మాట్లాడటంలో శిక్షణ పొందాను’ అవుతుంది. నిజంగా చేసినవే రాయాలి. రాయబోయి ఏమీ తోచని పాఠ్యాంశాలు కొన్ని ఉంటాయి. అవి గుర్తుపెట్టుకోండి, మీ అనుభవంలో ఖాళీలు ఎక్కడున్నాయో అవే చూపిస్తాయి.

రెండో అడుగు: మూడు ప్రశ్నలు

‘నాకు పిల్లలంటే ఇష్టం’, ‘మనుషులకు సాయం చేయాలని ఉంది’ అనే మాటలు నిజాయితీగలవే. కానీ వాటితో దారి తేలదు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతకండి.

మొదటిది, ఏ వయసువారితో? పసిపిల్లలు, బడి పిల్లలు, కౌమారులు, కొత్తగా తల్లిదండ్రులైనవారు, నడివయసువారు, వృద్ధులు. ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. ఈ డిగ్రీ చదివేవారిలో చాలామంది చూపు పిల్లల మీదే ఉంటుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2030 నాటికి భూమ్మీద ప్రతి ఆరుగురిలో ఒకరి వయసు 60 లేదా అంతకు మించి ఉంటుంది. 2050 నాటికి ఆ వయసువారి సంఖ్య 210 కోట్లకు చేరుతుంది. మతిమరుపు వ్యాధి వచ్చిన భర్తను చూసుకునే భార్యకు అండగా నిలవడానికి, ఒంటరిగా మిగిలిన వృద్ధులను తిరిగి నలుగురిలోకి తేవడానికి, వికాసం అరవయ్యేళ్లకు ఆగిపోదని చదువుకున్నవారు కావాలి. పాల్ బాల్టెస్ వంటి శాస్త్రవేత్తలు జీవితమంతా లాభనష్టాలు రెండూ కలిసే నడుస్తాయని, ముసలితనంలోనూ మార్పుకు వీలుంటుందని చూపించారు. ఆ పాఠం చదివి కూడా వృద్ధుల వైపు చూడకుండా వెళ్లిపోకండి.

రెండోది, మనిషికి ఎంత దగ్గరగా? వికాస మనస్తత్వ శాస్త్రవేత్త యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ సిద్ధాంతం మీకు గుర్తుండే ఉంటుంది. బిడ్డ చుట్టూ వలయాలు గీసి, మొదటి వలయంలో ఇల్లు, బడి, ఆ పైన వాటి మధ్య సంబంధాలు, ఇంకా పైన తల్లిదండ్రుల ఉద్యోగాలు, స్థానిక సేవలు, అన్నిటికీ బయట చట్టాలు, సంస్కృతి ఉంటాయని వివరిస్తారు. పరీక్ష కోసం గీసిన ఆ బొమ్మనే ఇప్పుడు ఉద్యోగాల పటంగా వాడండి. బిడ్డతో నేరుగా కూర్చునే థెరపిస్టు, టీచరు లోపలి వలయంలో ఉంటారు. ఇంటినీ బడినీ కలిపే కుటుంబ సమన్వయకర్త, స్కూల్ కౌన్సెలర్ ఆ పై వలయంలో ఉంటారు. పథకాన్ని నడిపే అధికారి ఇంకొంచెం దూరంలో ఉంటారు. చట్టం ముసాయిదాకు ఆధారాలు సమకూర్చే పరిశోధకులు బయటి వలయంలో ఉంటారు. బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ తానే ఈ దూరమంతా నడిచారు. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూనే, 1965లో అమెరికాలో పేద కుటుంబాల చిన్నారుల కోసం మొదలైన హెడ్ స్టార్ట్ పథకం రూపకల్పనలో పాలుపంచుకున్నారు. ఏ వలయమూ మరొకదానికన్నా గొప్పది కాదు. కానీ ఒక వలయంలో ఊపిరాడేవారికి మరో వలయంలో ఆడకపోవచ్చు.

నాకు తెలిసిన ఒక విద్యార్థిని పూర్వ ప్రాథమిక టీచరు కావాలని డిగ్రీ మొదటి ఏడాది నుంచే అనుకుంది. ఆఖరి ఏడాది ప్రాక్టికల్స్‌లో తాను ఎదురుచూసేది పిల్లలు వచ్చే సమయం కోసం కాదని, సాయంత్రం తల్లిదండ్రులు వచ్చి నిలబడి మాట్లాడే పది నిమిషాల కోసమని గమనించింది. వయసు మారలేదు, వలయం మారింది. ఆమె కుటుంబ విద్య వైపు వెళ్లి అక్కడే నిలిచింది.

మూడోది, ఫలితం ఎంత త్వరగా కనిపించాలి? స్పీచ్ థెరపీలో కొన్ని వారాల్లో ఒక కొత్త శబ్దం వినిపించవచ్చు. కౌన్సెలింగ్‌లో నెలలు పడుతుంది. పరిశోధనలో ఏళ్లు. పూర్వ ప్రాథమిక విద్య ప్రభావాన్ని తెలుసుకోవడానికి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటీలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం 123 మంది పిల్లలను నలభై ఏళ్ల వయసు వరకు, ఆ తర్వాత కూడా వెంట నడిచి చూసింది. ఆ ఓర్పు ఫలితంగానే, నోబెల్ పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ వంటివారు తొలి బాల్యంపై పెట్టే ఖర్చు ఎందుకు లాభదాయకమో వాదించగలిగారు. ఆ ఆధారాలు పోగైన తీరు మీకు ఉత్సాహమిస్తే పరిశోధన మీ దారి కావచ్చు. అంతకాలం ఎదురుచూడటం తలచుకుంటేనే నీరసం వస్తే, దాన్నీ దాచుకోకుండా రాసుకోండి.

మూడో అడుగు: కోరుకున్న పనికి లైసెన్స్ ఉందో లేదో చూడండి

ఈ అడుగులోనే ఎక్కువమంది తడబడతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కొన్ని పనులు ఎవరైనా చేయవచ్చు. సంస్థకు నచ్చితే చాలు. కొన్నింటికి చట్టబద్ధమైన నమోదు లేకుండా ఆ హోదా పేరు వాడుకోవడమే నేరం. పైగా ఈ గీత ఒక్కో దేశంలో ఒక్కోచోట ఉంటుంది. అమెరికాలో కౌన్సెలర్లకు రాష్ట్రాలే లైసెన్స్ ఇస్తాయి. బ్రిటన్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తోడ్పడేవారు), స్పీచ్ థెరపిస్టులు, ప్రాక్టీసు చేసే సైకాలజిస్టులు హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్‌లో తప్పనిసరిగా నమోదు కావాలి, కౌన్సెలర్లకు మాత్రం అలాంటి చట్టపరమైన నిర్బంధం లేదు. భారత్‌లో 1992 నాటి చట్టం కింద పనిచేసే పునరావాస మండలి (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) ప్రత్యేక విద్య ఉపాధ్యాయులను, క్లినికల్ సైకాలజిస్టులను, స్పీచ్ నిపుణులను నమోదు చేస్తుంది. అంటే మీరు ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో తేలకుండా చదువు ఎంచుకోవడం ప్రమాదం.

లెక్క ఇలా వేయండి. పనిచేయదలచిన ప్రాంతంలో ఆ వృత్తికి లైసెన్స్ ఇచ్చే సంస్థ వెబ్‌సైటు తెరవండి. కళాశాల ప్రకటన కాదు, లైసెన్స్ సంస్థదే. అందులో నాలుగు విషయాలు రాసుకోండి: ఏ స్థాయి డిగ్రీ, ఏ గుర్తింపు ఉన్న కోర్సు, ఎన్ని గంటల పర్యవేక్షిత శిక్షణ, ఏ పరీక్ష. తర్వాత మీరు చూస్తున్న పీజీ కోర్సు ఈ నాలుగింటినీ తీరుస్తుందా అని సరిపోల్చండి.

అమెరికా నిబంధనలు స్పష్టంగా అంకెల్లో ఉంటాయి కాబట్టి వాటినే ఉదాహరణగా తీసుకుందాం. కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ ప్రమాణాల ప్రకారం మాస్టర్స్‌లో 60 సెమిస్టర్ క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే తొలి ప్రాక్టికల్ శిక్షణ), 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉండాలి. సోషల్ వర్క్ మాస్టర్స్‌లో కనీసం 900 గంటల క్షేత్ర శిక్షణ. స్పీచ్ థెరపీలో జాతీయ ధ్రువపత్రానికి 400 గంటల క్లినికల్ అనుభవం, అందులో 25 గంటలు పరిశీలన, 375 గంటలు నేరుగా చేసే పని. ఆక్యుపేషనల్ థెరపీలో రెండో స్థాయి క్షేత్ర శిక్షణ 24 వారాలు. స్కూల్ సైకాలజీలో స్పెషలిస్ట్ స్థాయికి (మాస్టర్స్‌కు, డాక్టరేట్‌కు మధ్యనుండే పట్టా) 1200 గంటల ఇంటర్న్‌షిప్. ఈ అంకెలను ఇంకోలా కూడా చదవాలి. అన్ని గంటలు జీతం లేకుండానో, చాలా తక్కువ భృతితోనో పనిచేయాల్సి రావచ్చు. ఆ నెలల్లో ఇల్లు గడిచేదెలాగో కోర్సులో చేరకముందే ఆలోచించుకోవాలి.

ఇక్కడే ఒక పెద్ద ఉచ్చు ఉంది. మానవ వికాసంలో లేదా డెవలప్‌మెంటల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తే సైకాలజిస్టుగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చని చాలామంది నమ్ముతారు. సాధారణంగా పెట్టుకోలేరు. ఆ పీహెచ్‌డీ పరిశోధనకు, బోధనకు తయారుచేస్తుంది. చికిత్స చేసే లైసెన్స్‌కు క్లినికల్, కౌన్సెలింగ్ లేదా స్కూల్ సైకాలజీ దారి వేరు. ‘చైల్డ్’, ‘ఫ్యామిలీ’ అనే మాటలు కోర్సు పేరులో కనిపించినంత మాత్రాన అది థెరపిస్టును తయారుచేసే కోర్సు అనుకోకండి. ‘ఈ కోర్సు పూర్తిచేసినవారు ఫలానా లైసెన్స్‌కు అర్హులవుతారా?’ అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

నాలుగో అడుగు: పీజీకి ముందు ఒక ఏడాది మనుషుల మధ్య

లైసెన్స్ అవసరం లేని పనులు డిగ్రీతోనే దొరుకుతాయి. పూర్వ ప్రాథమిక కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థల్లో కుటుంబాలకు సేవలు సమన్వయపరిచే ఉద్యోగాలు, యువత కార్యక్రమాలు, వృద్ధుల సంరక్షణాలయాల్లో కార్యకలాపాల నిర్వహణ, శిశు సంక్షేమ విభాగాల్లో సహాయక పదవులు, విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో పరిశోధన సహాయకుల కొలువులు. జీతాలు తొలినాళ్లలో తక్కువగానే ఉంటాయి, ఆ మాట దాచనవసరం లేదు. కానీ ఈ ఏడాది ఇచ్చే సమాచారం ఏ పీజీ ప్రవేశ పరీక్షా ఇవ్వదు.

ఎంపికలో ఒక చిన్న సూత్రం పాటించండి. మీరు కోరుకునే వృత్తిలో ఇప్పటికే ఉన్నవారు అదే గదిలోనో, పక్క గదిలోనో పనిచేసే చోటును వెతకండి. థెరపిస్టు కావాలనుంటే, థెరపిస్టులున్న కేంద్రంలో రిసెప్షన్ ఉద్యోగమైనా మేలే. రోజంతా వారు ఎంత రాస్తారో, ఎంత మాట్లాడతారో, ఏ కేసు తర్వాత మౌనంగా కూర్చుంటారో కనిపిస్తుంది. నివేదికలు రాయడానికి పోయే సమయం చూసి మనసు మార్చుకున్నవారున్నారు. ముందే చూడటం మంచిదైంది.

ఆసుపత్రుల్లో పిల్లలతో పనిచేసే చైల్డ్ లైఫ్ స్పెషలిస్టుల గురించి ఇక్కడ చెప్పాలి. ఈ డిగ్రీకి బాగా సరిపోయే వృత్తుల్లో ఇదొకటి, తెలిసినవారు మాత్రం తక్కువ. శస్త్రచికిత్సకు ముందు బొమ్మ మీద సూది, కట్టు చూపిస్తూ ఏం జరగబోతోందో బిడ్డకు అర్థమయ్యే భాషలో చెప్పడం, నొప్పి సమయంలో పక్కన ఉండటం, ఆసుపత్రి మంచం దగ్గర బెంగగా తిరిగే తోబుట్టువులను పట్టించుకోవడం వీరి పని. నాలుగేళ్ల బిడ్డ ‘నేను అల్లరి చేశాను కాబట్టే జబ్బు చేసింది’ అనుకోగలడని, పిల్లల ఆలోచన ఎదిగే తీరును వివరించిన పియాజె పాఠంలో మీరు చదివారు. ఆ పాఠం ఇక్కడ రోజూ పనికొస్తుంది. అమెరికాలో ధ్రువపత్రానికి నిర్దేశిత పాఠ్యాంశాలు, కనీసం 600 గంటల ఇంటర్న్‌షిప్, పరీక్ష ఉంటాయి. ఇంటర్న్‌షిప్ స్థానాలకు పోటీ ఎక్కువ. కాబట్టి ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవ గంటలు డిగ్రీలో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.

అలాంటిదే మరొకటి కుటుంబ జీవన విద్య. సమస్య ముదిరాక చికిత్స చేయడానికి బదులు, రాకముందే తల్లిదండ్రులకు, దంపతులకు నేర్పే పని ఇది. అమెరికాలోని నేషనల్ కౌన్సిల్ ఆన్ ఫ్యామిలీ రిలేషన్స్ 10 విషయ విభాగాల్లో ప్రావీణ్యం చూసి ధ్రువపత్రం ఇస్తుంది. ఆ కౌన్సిల్ ఆమోదించిన డిగ్రీ కోర్సులు చదివినవారికి దరఖాస్తు ప్రక్రియ సులువవుతుంది. మీ కోర్సు ఆ జాబితాలో ఉందేమో చూసుకోండి. చాలామంది తమకు దక్కాల్సిన ఈ అవకాశం ఉందని తెలియకుండానే పట్టా తీసుకుని వెళ్లిపోతారు.

అయిదో అడుగు: ఇప్పుడు పై చదువు ఎంచుకోండి

పని తెలిసింది, లైసెన్స్ సంగతి తెలిసింది. ఇక దారులు చూద్దాం.

మాటతో, సంబంధంతో మనుషులకు తోడ్పడాలనుంటే కౌన్సెలింగ్, వివాహ కుటుంబ చికిత్స, సోషల్ వర్క్ మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. వీటి మధ్య తేడా చూపులో ఉంది. కౌన్సెలింగ్ ఎక్కువగా వ్యక్తి లోపలి అనుభవం నుంచి మొదలుపెడుతుంది. కుటుంబ చికిత్స సమస్యను ఒక మనిషిలో కాక మనుషుల మధ్య నడిచే తీరులో చూస్తుంది. సోషల్ వర్క్ వీటితోపాటు ఇల్లు, ఆదాయం, చట్టం, అందే సేవలనూ లెక్కలోకి తీసుకుంటుంది. వలయాల సిద్ధాంతం మీకు నచ్చి ఉంటే సోషల్ వర్క్ చాలా సహజంగా అనిపిస్తుంది. పైగా ఆసుపత్రి నుంచి బడి వరకు, బడి నుంచి విధాన రూపకల్పన వరకు తిరగగలిగే సౌలభ్యం దానికి ఎక్కువ. ఏది ఎంచుకోవాలో తేలని విద్యార్థికి, మిగతావన్నీ సమానమైతే, నేను సోషల్ వర్క్ వైపే మొగ్గు చూపుతాను.

ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ కోరుకునేవారికి వికాస దశల జ్ఞానం గట్టి పునాది. కానీ ప్రవేశానికి అది చాలదు. శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, గణాంకాలు ముందే చదివి ఉండాలని ఆక్యుపేషనల్ థెరపీ కోర్సులు సాధారణంగా అడుగుతాయి. స్పీచ్ థెరపీకి జీవశాస్త్రం, భౌతిక లేదా రసాయన శాస్త్రం, గణాంకాలతోపాటు ధ్వని శాస్త్రం, వినికిడికి సంబంధించిన పాఠాలు అవసరమవుతాయి. డిగ్రీలో ఇవి లేకపోతే ఏడాదిపాటు విడిగా చదవాల్సి రావచ్చు. రెండో ఏడాదిలో ఉన్నవారు ఇది చదువుతుంటే, ఐచ్ఛిక పాఠ్యాంశాలు ఎంచుకునేటప్పుడే వీటిని చేర్చుకోండి.

తరగతి గదిలో ఉండాలనుకుంటే పూర్వ ప్రాథమిక విద్య, ప్రత్యేక విద్య ఉన్నాయి. ప్రభుత్వ బడుల్లో బోధించాలంటే చాలాచోట్ల ఉపాధ్యాయ శిక్షణ పట్టా వేరుగా కావాలి. మానవ వికాసంలో మాస్టర్స్ దానికి బదులు కాదు. తొలి బాల్యాన్ని ఎనిమిదేళ్ల వరకు ఒకే దశగా చూడాలని యునిసెఫ్ వంటి సంస్థలు చెబుతాయి, నియామక నిబంధనలు మాత్రం తరచుగా బడి ప్రవేశ వయసు దగ్గరే గీత గీస్తాయి. మీరు ఆ గీతకు ఏ పక్క పనిచేస్తారో చూసుకుని పట్టా ఎంచుకోండి.

పెద్ద సంఖ్యలో మనుషులకు ఒకేసారి మేలు చేసే పనులు ఆకర్షిస్తే ప్రజారోగ్యం, ప్రజా విధానం, వృద్ధాప్య శాస్త్రం చూడండి. తల్లీబిడ్డల ఆరోగ్య విభాగంలో వికాసం చదివినవారికి ఒక ప్రత్యేకత ఉంటుంది. బరువు, టీకా, రక్తహీనత అంకెల వెనకున్న బిడ్డను, ఆ బిడ్డతో మాట్లాడే తల్లిని వారు మర్చిపోరు. కానీ ఈ రంగాలు గణాంకాలు గట్టిగా అడుగుతాయి. అంకెలంటే భయముంటే దరఖాస్తుకు ముందే ఒక కోర్సు చదివి ఆ భయం తీర్చుకోండి.

పీహెచ్‌డీ సంగతి వేరు. ఒక ప్రశ్న మిమ్మల్ని వదలకపోతేనే అటు వెళ్లండి. అమెరికాలో డిగ్రీ నుంచి నేరుగా పీహెచ్‌డీలో చేరే వీలుంది. అయిదేళ్లు, అంతకన్నా ఎక్కువ పడుతుంది. పరిశోధన లేదా బోధన సహాయకులుగా పనిచేసినందుకు ఫీజు మినహాయించి భృతి ఇవ్వడం అక్కడి చాలా విభాగాల్లో ఆనవాయితీ. ఐరోపాలో చాలాచోట్ల ముందు మాస్టర్స్ పూర్తిచేయాలి, ఆ తర్వాత మూడు నాలుగేళ్లు. రెండు చోట్లా విశ్వవిద్యాలయం పేరు కన్నా మార్గదర్శకులు ఎవరన్నది ముఖ్యం. మీకు కౌమారుల స్నేహాలపై ఆసక్తి ఉండి, ఆ విభాగంలో అందరూ శిశువుల నిద్రపై పరిశోధిస్తుంటే, ఎంత పేరున్న చోటైనా మీకు సరికాదు. భృతి లేకుండా, పూర్తి ఫీజు కట్టించుకుని పీహెచ్‌డీ ఇస్తామంటే చాలా జాగ్రత్తగా ఆలోచించండి.

పై చదువు లేకుండానే వెళ్లగల మరో దారి ఉంది. సంస్థల్లో శిక్షణ విభాగాలు, పిల్లల పుస్తకాలు, బొమ్మలు, విద్యా సాఫ్ట్‌వేర్ తయారీ, వాడుకరుల అనుభవంపై పరిశోధన. అయిదేళ్ల బిడ్డ తెర మీద ఏది నొక్కగలదో, ఎనభై ఏళ్ల వృద్ధురాలికి ఏ అక్షరం కనిపించదో ఊహించకుండా గమనించి చెప్పగలవారు ఆ సంస్థలకు అవసరం. అక్కడ పట్టా కన్నా మీరు చేసిన రెండు మూడు చిన్న అధ్యయనాల నమూనాలు ఎక్కువ మాట్లాడతాయి.

ఆరో అడుగు: దరఖాస్తు

చేరాల్సిన తేదీకి ఏడాదిన్నర ముందు మొదలుపెట్టండి. మొదటి ఆరు నెలలు కోర్సుల ఎంపికకు, లోటు పాఠ్యాంశాలకు. తర్వాతి నెలల్లో సిఫారసు లేఖలు, వ్యాసం. అమెరికా పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు చాలావరకు డిసెంబరు, జనవరి ఆరంభంలో ముగుస్తుంది. అక్కడ పై చదువుల ప్రవేశానికి అడిగే జీఆర్‌ఈ పరీక్షను ఎన్నో విభాగాలు మానేశాయి. ప్రతి కోర్సుకూ విడిగా చూసుకోండి, అవసరం లేని పరీక్షకు నెలలు వెచ్చించకండి.

సిఫారసు లేఖలు సాధారణంగా మూడు అడుగుతారు. మీకు అత్యధిక మార్కులు వేసినవారికన్నా, మీరు పనిచేయడం చూసినవారిని ఎంచుకోండి. కనీసం నెల ముందు అడగండి. అడిగేటప్పుడు మీ మార్కుల జాబితా, వ్యాసం ముసాయిదా, వారి దగ్గర మీరు చేసిన పనిని గుర్తుచేసే అరపేజీ ఇవ్వండి. మంచి లేఖ రాయాలని ఉన్నా వివరాలు గుర్తులేక పొడిగా రాసే గురువులు ఎందరో.

మీ ఉద్దేశాన్ని వివరించే వ్యాసంలో ‘చిన్నప్పటి నుంచి సాయం చేయడం ఇష్టం’ అని మొదలుపెట్టకండి. ఎంపిక సంఘం ఆ వాక్యాన్ని లెక్కలేనన్నిసార్లు చదివి ఉంటుంది. మీరు కళ్లారా చూసిన ఒక సంఘటన, అది మీలో లేపిన ప్రశ్న, దానికి జవాబు వెతకడానికి ఇప్పటివరకు చేసింది, ఈ కోర్సు ఇవ్వగల నిర్దిష్టమైన విషయం. నాలుగు భాగాలు చాలు. సంఘటనలోని బిడ్డను, కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టలేనట్టు రాయండి. వారి గోప్యతను ఎలా కాపాడారన్నది కూడా చదివేవారు గమనిస్తారు.

మీ సొంత కుటుంబంలోని బాధే మిమ్మల్ని ఈ రంగానికి తెచ్చి ఉండవచ్చు. ఎందరినో అదే తెచ్చింది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రాయదలిస్తే ఒకటి రెండు వాక్యాల్లో రాసి, ఆ తర్వాత మీరు నేర్చుకున్నదానికి ఎక్కువ చోటివ్వండి. ఇంకా మానని గాయమైతే వ్యాసంలోకి తేకండి. ముందు మీకోసం ఒక కౌన్సెలర్‌ను కలవండి.

ఏడో అడుగు: ప్రవేశం వచ్చాక, రాకపోయినా

సీటు వచ్చిందన్న ఆనందంలో సంతకం చేసేముందు ఆ విభాగాన్ని కొన్ని ప్రశ్నలు అడగండి. చేరినవారిలో ఎంతమంది పూర్తిచేస్తున్నారు? లైసెన్స్ పరీక్షలో ఎంతమంది మొదటిసారే గట్టెక్కుతున్నారు? క్షేత్ర శిక్షణ స్థానాన్ని విభాగం వెతికి ఇస్తుందా, మీరే వెతుక్కోవాలా? పూర్తిచేసిన ఏడాదికి ఏ ఉద్యోగాల్లో ఉన్నారు? ఇవే ప్రశ్నలు ప్రస్తుతం చదువుతున్న ఇద్దరు విద్యార్థులనూ అడగండి. రెండు జవాబులూ పొంతన లేకుండా ఉంటే విద్యార్థుల మాటనే ఎక్కువ నమ్మండి. అప్పు చేయాల్సి వస్తే, ఆ వృత్తిలో కొత్తవారికి మీరు ఉండబోయే చోట ఇచ్చే జీతం ఎంతో తెలుసుకుని, నెలవారీ వాయిదాతో పక్కపక్కన పెట్టి చూడండి. ఈ రంగంలో అంతే అర్హతనిచ్చే తక్కువ ఖర్చు కోర్సు ఉంటే, పేరు కోసం ఎక్కువ కట్టాల్సిన అవసరం చాలా అరుదు.

అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు ఒక ఒప్పందానికి కట్టుబడి ఉంటాయి. భృతితో కూడిన ప్రవేశానికి ఏప్రిల్ 15 వరకు జవాబు చెప్పే సమయం ఇస్తాయి. ఆ తేదీకి ముందే తేల్చమని ఒత్తిడి వస్తే, ఆ విభాగం ఒప్పందంలో ఉందో లేదో చూసి, మర్యాదగా సమయం అడగండి.

ఎక్కడా సీటు రాకపోతే, తిరస్కరించిన విభాగాలకు రాసి దరఖాస్తులో ఏది బలహీనంగా ఉందో అడగండి. అందరూ చెప్పరు, కొందరు చెబుతారు. సాధారణంగా మూడింటిలో ఒకటి తేలుతుంది: ముందు చదవాల్సిన పాఠ్యాంశం లేదు, మనుషులతో పనిచేసిన గంటలు తక్కువ, లేదా ఆ ఏడాది మీ ఆసక్తికి సరిపోయే మార్గదర్శకులు కొత్తవారిని తీసుకోలేదు. మొదటిదానికి ఒక కోర్సు చదవండి. రెండోదానికి ఉద్యోగంలోనే మరో ఏడాది కొనసాగండి. మూడోదైతే వచ్చే సారి దరఖాస్తుకు ముందే వారికి ఈమెయిల్ రాసి, విద్యార్థులను తీసుకుంటున్నారో లేదో కనుక్కోండి.